హాయి అను రెండక్షరముల మాట

(శతజయంతి వారములో సండేస్కూలు ఉపాధ్యాయుల తరఫున చేసిన ప్రసంగ పాఠము)



శతజయంతి సభ అనగానే నూరేండ్ల చరిత్ర వినవలెనని అందరూ ఎదురుచూస్తారు. ఆ పని మాకంటె పెద్దలు, ఎరిగినవారు ఇదివరకే చేసినారు. మాకు ఇచ్చిన కొద్ది సమయములో మేము ఒకే ఒక చిన్న మాటను గురించి చెప్పదలచినాము. ఇంగ్లీషులో వ్రాసినా అది రెండక్షరములే, తెలుగులో వ్రాసినా రెండే. కాని ఆ మాట వెంబడి మేము పోయిన దూరము తక్కువ కాదు. ఆ దారిలో మా తప్పు ఒకటి బయటపడినది. దానిని దాచుకొనక సంఘము ఎదుట చెప్పవలెననియే ఈ అంశము ఎన్నుకొన్నాము.

గడచిన వేసవి సెలవులలో వి.బి.యస్. జరుగుచుండగా మధ్యాహ్నపు ఎండలో బిడ్డలను బయటికి వదలలేక, ఏమి చేయుదుమా అని చూస్తున్నాము. అప్పుడు ఒక సహోదరి, విదేశములో ఉన్న తన మనుమరాలు ఇచ్చిపోయిన స్క్రాబుల్ పెట్టె తెచ్చి మా చేతిలో పెట్టినది. ఈ ఆట ఎరుగనివారి కొరకు నాలుగు మాటలు చెబుతాము. అడ్డము పదిహేను, నిలువు పదిహేను గడుల బల్ల. నూరు బిళ్లలు. రెండు ఖాళీ బిళ్లలు పోగా తక్కినవాటిమీద ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరము ఉంటుంది. ఒక్కొక్కరు ఏడేసి బిళ్లలు తీసికొని, బల్లమీద ఉన్న మాటలకు ఆనించి కొత్త మాటలు కూర్చవలెను. అరుదుగా వచ్చే క్యూ, జెడ్ అక్షరములకు పదేసి మార్కులు. ఎల్లప్పుడు వచ్చే ఏ, ఐ అక్షరములకు ఒక్కొక్కటే. ఈ ఆటను కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ బట్స్ న్యూయార్కులో ఇండ్ల నమూనాలు గీసే పనివాడు. 1929లో మొదలైన ఆర్థిక మాంద్యములో పని పోగొట్టుకొని, వార్తాపత్రికల పేజీలలో ఏ అక్షరము ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టి ఈ మార్కులు నిర్ణయించినాడు. స్క్రాబుల్ అను పేరు 1948లో వచ్చినది.

ఆ దినము ఎనిమిదవ తరగతి పిల్లవాడు ఒకడు తన వంతు రాగానే తెల్లమొగము వేసినాడు. వానికి వచ్చినవన్నీ దాదాపు అచ్చులే. చాలసేపు ఆలోచించి ఏ, ఐ అను రెండు బిళ్లలు పెట్టి ఊరకున్నాడు. వెంటనే ఎదుటి జట్టు ఆడపిల్లలు, "ఇది మాటే కాదు, తీసేయి" అని కేకలు వేసినారు. వాడు, "కాదేమండీ? ఏఐ అంటే కృత్రిమ మేధ. రోజూ ఫోనులో చూస్తూనే ఉన్నాముగదా" అన్నాడు. మార్కులు వేసే పని మా సంఘములో పదవీ విరమణ చేసిన ఒక మాస్టారిది. ఆయన పెట్టెలోని నియమముల కాగితము తీసి, "బాబూ, పొడి అక్షరములు ఒప్పుకొనరు" అన్నాడు. 1956లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో కూడిన పండితుల నాటినుండి వాడుకకు వచ్చిన ఆ పెద్ద పేరు ఇప్పుడు లోకమంతట వినబడుచున్నను, ఈ బల్లమీద దానికి చోటు లేదు.

"అయితే యెహోషువ గ్రంథములో ఉన్నదిగదా, మాస్టారూ! మన బైబిలులో హాయి అను పట్టణము ఇంగ్లీషు బైబిలులో ఈ రెండక్షరములే" అని మాలో ఒకరు వాని పక్షముగా మాట్లాడినారు. మాస్టారు మరల కాగితము చూచి, "ఊరి పేర్లు, మనుష్యుల పేర్లు కూడ ఒప్పుకొనరమ్మా" అన్నాడు. పిల్లవాని మొగము వాడిపోయినది. అంతలో ఎదుటి జట్టులోని పిల్లయే, తనకు నష్టమని తెలిసియు, నిఘంటువు తెరచి చూచి, "ఉన్నదండీ! చిన్న అక్షరములతో ఉన్నది. అదొక జంతువట" అని చెప్పినది. ఆ బిడ్డ న్యాయబుద్ధికి మేము అప్పుడే చప్పట్లు కొట్టినాము. పిల్లవానికి రెండు మార్కులు వచ్చినవి.

ఆ జంతువు దక్షిణ అమెరికా అడవులలో చెట్టుకొమ్మలకు తలక్రిందులుగా వ్రేలాడునది. కాలికి మూడేసి గోళ్లు. బ్రెజిలు దేశపు తూపీ భాషవారు దాని అరుపును విని దానికి ఆయి అని పేరు పెట్టినారు. పోర్చుగీసువారి ద్వారా ఆ మాట ఐరోపాకు పోయి ఇంగ్లీషు నిఘంటువులో చేరినది. ఇంగ్లీషువారు దానికి ఇంకొక పేరు కూడ పెట్టినారు, స్లోత్ అని. అనగా సోమరితనము. నిజమునకు అది సోమరి కాదు. ఆకులు తిని బ్రతికేది. ఆకులలో సత్తువ తక్కువ, అవి అరుగుటకు చాల దినములు పడుతుంది. కనుక ఉన్న కొద్ది బలమును పొదుపుగా వాడుకొంటుంది. వారమునకు ఇంచుమించు ఒక్కసారే చెట్టు దిగుతుంది. తూపీవారు దాని గొంతు విని పేరు పెట్టినారు. తరువాత వచ్చినవారు దాని నడక చూచి తీర్పు తీర్చినారు. ఈ తేడాను బిడ్డలకు చెప్పినాము. దీనితో మాకే త్వరలో పని పడుతుందని అప్పుడు తెలియదు.

స్క్రాబుల్ బాగుగా ఆడేవారు ఇట్టి రెండక్షరముల మాటలను కంఠస్థము చేస్తారు. చేతినిండ అచ్చులు పడినప్పుడు రెంటిని వదిలించుకొనుటకు ఇది సాధనము. దాని చివర ఒక్క బిళ్ల చేర్చితే ఎయిడ్ అను సహాయమగును, ఎయిమ్ అను గురియగును, ఎయిర్ అను గాలియగును. మన తెలుగు గళ్ళనుడికట్టులో లెక్క వేరు. అక్కడ గుణింతముతో కూడిన అక్షరమునకు ఒక గడి. హాయికి రెండు గడులు చాలును. ఐ అను అచ్చుకు ఒక్కటే. మన అవధానములలో దత్తపది అని ఉన్నది. పృచ్ఛకుడు పరభాషా పదములు నాలుగు ఇచ్చి, వాటిని తెలుగు అర్థములో ఇమిడ్చి పద్యము చెప్పుమంటాడు. ఒకే ధ్వని ఒక భాషలో ఒక అర్థము, ఇంకొక భాషలో ఇంకొక అర్థము ఇచ్చుటయే ఆ ఆటకు మూలము.

ఈ సంగతి చెప్పి బిడ్డలకు ఒక పని పెట్టినాము. వారము దినములలో ఎవరినైనను అడిగి ఈ ధ్వనికి ఇంకొక అర్థము తేవలెను. తెచ్చినదానిని మేము నిఘంటువులలో సరిచూస్తాము. ఆ వారము బిడ్డలు తెచ్చిన సంగతులు చూచి మేమే ఆశ్చర్యపడినాము.

ఒకడు పక్కయింటి రైల్వే ఉద్యోగిని అడిగి వచ్చినాడు. మరాఠీలో ఆయీ అనగా అమ్మ. ఇంకొక పిల్ల ఫ్రెంచిలో 'నాకు ఉన్నది' అని చెప్పునప్పుడు ఈ రెండక్షరములే వ్రాస్తారనియు, అక్కడ దానిని ఎ వలె పలుకుతారనియు తెచ్చినది. వియత్నాము భాషలో ఆయి అనగా 'ఎవరు?' అను ప్రశ్న. హవాయి దీవులలో గొంతును కొంచెము బిగబట్టి పలికితే ఆహారము. మన పొరుగు తమిళములో ఐ అనగా అధిపతి, తండ్రి, గురువు అను అర్థములున్నవి. బరో, ఎమెనో అను పండితులు 1961లో ప్రకటించిన ద్రావిడ భాషల నిఘంటువులో మన తెలుగు అయ్య కూడ ఆ తమిళ మాటతో కలిసియే ఉన్నది. మనము గురువులను అయ్యగారు అని పిలుచునప్పుడెల్ల ఈ చిన్న మాట బంధువునే పలుకుచున్నామన్నమాట.

అన్నిటికంటె మమ్మును ఆలోచింపజేసినది చైనా భాష. అక్కడ గొంతు పై నుండి దిగుచు ఆయ్ అంటే ప్రేమ. పౌలు ప్రేమను గూర్చి కొరింథీయులకు వ్రాసిన అధ్యాయము చైనా బైబిలులో ఈ మాటతోనే నిండియుండును. జపానువారు కూడ ప్రేమను ఆయి అనియే అంటారు. చైనావారి పాత లిపిలో ఈ అక్షరము నడుమ హృదయము అను అక్షరము ఇమిడియుండును. 1956లో లిపిని సులభము చేసినప్పుడు ఆ హృదయమును తీసివేసినారు. దానివలన అడుగున స్నేహితుడు అను అక్షరము మిగిలినది. అదే ధ్వనిని గొంతు ఎత్తి, దించక, సమముగా పలికితే దుఃఖము. ప్రేమకును దుఃఖమునకును మధ్య స్వరము ఒక్కటే తేడా. గ్రీకువారు శోకించునప్పుడు ఆయ్, ఆయ్ అని ఏడ్చేవారు. సొఫొక్లీసు తన నాటకములో ఆయాస్ అను వీరునిచేత తన పేరులోనే ఈ ఏడుపు ఉన్నదని అనిపించినాడు. జపానులో వేరొక అక్షరముతో వ్రాస్తే ఆయి అనగా నీలిరంగు. మన కడప, నెల్లూరు సీమలలో ఒకప్పుడు నీలిమందు పండించినవారి మనుమలు ఇంకను ఉన్నారు. ఆ నీలిరంగుకు అక్కడ ఈ పేరు.

ఇన్ని అర్థములను నల్లబల్లమీద వరుసగా వ్రాసినాము. తల్లి, తండ్రి, ప్రేమ, దుఃఖము, ఆహారము, నీలిరంగు, ఎవరు అను ప్రశ్న. స్క్రాబుల్ బల్లమీద వీటిలో ఒక్కదానికిని చోటు లేదు. అక్కడ ఆ మూడు గోళ్ల జంతువు ఒక్కటే చెల్లును. ఆట నియమములు ఆటకు చాలును, కాని అవి మాట విలువను చెప్పలేవని బిడ్డలకు చెప్పి, పాఠము ముగిసినదని అనుకొన్నాము.

అప్పుడు నిఘంటువు చూచిన ఆ పిల్లయే లేచి అడిగినది. "టీచరమ్మా, మరి హాయి పట్టణము పేరుకు అర్థము ఏమిటి? అక్కడివారు సుఖమునకు మరిగినవారు గనుక ఆ పేరు వచ్చినదని మీరు పోయిన ఏడు చెప్పినారు. అది ఏ భాషలో అర్థము? తెలుగా, హెబ్రీయా?"

మేము ఒకరి మొగము ఒకరు చూచుకొన్నాము. అవును, అట్లే చెప్పినాము. ఒక్క ఏడు కాదు, చాల ఏండ్లు చెప్పినాము. మాకు చెప్పినవారు కూడ అట్లే చెప్పినారు. హాయిగా ఉన్న పట్టణము, హాయికి అలవాటుపడినవారు, కాబట్టి పడిపోయినారు అని. వినుటకు ఇంపుగా ఉండినది. బిడ్డలు పరీక్షలో వ్రాసినారు, మేము మార్కులు వేసినాము. ఎన్నడును ఎవరును అడుగలేదు, మేమును చూడలేదు.

ఆ సాయంకాలమే మా గురువుగారి యొద్దకు పోయినాము. ఆయన వేదాంత కళాశాలలో హెబ్రీ చదివినవారు. కాగితముమీద రెండక్షరములు వ్రాసి చూపినారు. మొదటిది గొంతు లోపల పలికేది, దానికి తెలుగులో అక్షరము లేదు. రెండవది యకారము. ఈ మాటకు పాడుబడిన రాళ్లకుప్ప, దిబ్బ అని అర్థము. హెబ్రీలో ఈ ఊరి పేరుకు ముందు 'హ' అను చిన్న ముక్క చేరుతుంది. అది 'ఆ ఫలానా' అని చూపే ముక్క. హ-ఆయి, అనగా 'ఆ దిబ్బ'. పాత ఇంగ్లీషు బైబిలు ఆదికాండములో ఆ హకారమును ఉంచి, యెహోషువలో వదిలినది. మన తెలుగు అనువాదకులు రెండుచోట్ల ఉంచినారు. వారు ధ్వనిని నమ్మకముగా దింపినారు, తప్పు లేదు. ఆ ధ్వని తెలుగు చెవిలో పడగానే ఉయ్యాల ఊపే తల్లి నోటి మాటయైనది. హెబ్రీవాని చెవికి పాడుదిబ్బ, తెలుగువాని చెవికి సుఖము. తప్పు మాది. విన్నదానిని అర్థమనుకొని, దానిమీద నీతి కట్టి, బిడ్డలకు నేర్పినాము.

గురువుగారు ఇంకొక మాట చెప్పినారు. దానిని కూడ దాచకూడదు. యెరూషలేమునకు ఉత్తరముగా, దెయిర్ దిబ్వాన్ అను గ్రామము పక్కన, ఎత్-తెల్ అను మెట్ట ఉన్నది. అరబ్బీలో దానికి 'ఆ దిబ్బ' అని అర్థము. హాయికి సరియైన అనువాదము. 1924లో ఆల్బ్రైట్ పండితుడు హాయి ఇదేయని చెప్పినాడు. 1933 నుండి 1935 వరకు జూడిత్ మార్కె-క్రౌజ్ అను యువతి అక్కడ త్రవ్వించినది. 1964లో జోసెఫ్ కాలవే మరల త్రవ్వకములు మొదలుపెట్టినాడు. ఈయన బాప్టిస్టు సెమినరీలో బోధకుడు. అక్కడ గొప్ప ప్రాకారముగల పట్టణము కనబడినది. కాని అది క్రీస్తుకు పూర్వము సుమారు 2400లోనే నాశనమైనది. తరువాత సుమారు 1200 వరకు అక్కడ కాపురము లేదు. పిమ్మట చిన్న గ్రామము ఒకటి వెలసినది. కాబట్టి యెహోషువ దండెత్తిన కాలమునకు అక్కడ పట్టణము ఉన్నట్లు ఆ మట్టిలో ఆనవాలు దొరకలేదు. హాయి వేరొక మెట్టయని కొందరు 1995 నుండి దగ్గరలోని ఖిర్బెత్ ఎల్-మకాతిర్ వద్ద వెదకినారు. ఆ కథ నిజమునకు బేతేలు పట్టణమును గూర్చినదని ఆల్బ్రైట్ అన్నాడు. పండితుల మాట ఇంకను ఒకటి కాలేదు.

ఇవి పిల్లలకు చెప్పవచ్చునా, వారి విశ్వాసము చెదరునేమో అని మాలో మేము వాదించుకొన్నాము. చివరకు చెప్పుటకే నిశ్చయించినాము. ఆ హాయి కథయే మాకు ధైర్యమిచ్చినది. మూడువేలమంది చాలునని తేలికగా పోయి, ముప్పది ఆరుగురిని పోగొట్టుకొని ఇశ్రాయేలీయులు తిరిగివచ్చినది ఎందువలన? ఒకడు తన డేరాలో దాచినదాని వలన. దాచుట ఎంత చేటో ఆ అధ్యాయమునుండియే నేర్పుచు, మా తప్పును మేము దాచుకొందుమా? మరుసటి దినము పిల్లలందరిని కూర్చుండబెట్టి, "మేము చెప్పినది తప్పు. హాయి అనగా దిబ్బ" అని చెప్పినాము. ఎవరును నవ్వలేదు. ఆ ఎనిమిదవ తరగతి పిల్లవాడు మాత్రము, "అయితే మాకు వేసిన మార్కులు తీసేస్తారా?" అని అడిగినాడు. తీయలేదు. తప్పు బోధించినవారిది గాని వ్రాసినవారిది కాదు.

దిబ్బ అనునది మన తెలుగువారికి కొత్త కాదు. అమరావతి స్తూపమును ఊరివారు దీపాలదిన్నె అనేవారు. 1797లో మెకంజీ దొర వచ్చి చూచునప్పటికి అది ఒక దిన్నెయే. ఎన్నో ఊళ్ల పక్కన పాటిదిబ్బలు ఉన్నవి. పాటిమన్ను బలమైనదని రైతులు బండ్లతో పొలములకు తోలుకొంటారు. మన పాడు అను మాట చూడండి. పాట పాడు అంటే ఒకటి, పాడు ఇల్లు అంటే ఇంకొకటి, కొరిశపాడు, నాగులుప్పలపాడు అని ఊళ్ల పేర్లలో వస్తే మనుష్యులు కాపురమున్న చోటు. ఆ ఊళ్లవారిని ఎవరైనను 'మీది పాడైన ఊరా' అని అడిగితే ఎంత తెలివితక్కువయో, హాయివారిని సుఖపురుషులు అనుట అంత తెలివితక్కువ.

ఇక ఒక్క సంగతి చెప్పి ముగిస్తాము. మా సంఘములో ఎనుబది ఏండ్లు దాటిన అవ్వ ఒకామె ఉన్నది. చదువు రాదు గాని వాక్యము చెవితో పట్టినది. అబ్రాము బేతేలుకును హాయికిని నడుమ గుడారము వేసి బలిపీఠము కట్టిన భాగము ఆమెకు ఇష్టము. భర్త పోయిన ఏడు దానిని పదేపదే చదివించుకొన్నది. హాయి పక్కన గుడారము అను మాట ఆమెకు ఆదరణ. మేము దిద్దిన పాఠము మనుమడు ఇంటికి పోయి చెప్పినాడని విని, ఆమె మనస్సు నొచ్చుకొన్నదేమో అని భయపడుచు చూడబోయినాము. బేతేలు అనగా దేవుని ఇల్లు అనియు, హాయి అనగా పాడుదిబ్బ అనియు మెల్లగా చెప్పినాము.

అవ్వ కొంచెముసేపు ఊరకుండి, "అట్టాగా పంతులమ్మా! అబ్రాహాము గుడారం యేసింది దిబ్బ పక్కనా?" అన్నది.

"అవును, అవ్వా."

"మరి మా తాతలోళ్లు గుడిసెలు యేసుకుంది యాడననుకున్నావు? పాటిదిబ్బ మీదనేగా! ఊళ్లో చోటు ఇస్తే గందా. వానొస్తే ఆడ పెంకులు, పూసలు బయటపడేయి, మేం ఏరుకొని ఆడుకొనేవాళ్లం. ఆ దిబ్బ మీద తాటాకు పందిరి కిందనే మొదలు ప్రార్థన పెట్టారంట, మా నాయన చెప్పేవాడు. పోనీలే అమ్మా, తెలిసింది. పేరు మటుకు మార్చబాకండి. చదివేటప్పుడు హాయనే చదవండి."

అట్లే చదువుచున్నాము. చెరనుండి తిరిగివచ్చినవారి జాబితాలో, ఎజ్రా గ్రంథములో, బేతేలు హాయి మనుష్యులు 223 మంది అని ఉన్నది. ఆ లెక్కను కూడ ఇప్పుడు మా పాఠములో చేర్చినాము. ఈ శతజయంతికి మా సంఘపు మొదటి ప్రార్థనాస్థలమును గుర్తుచేసే రాయి ఎక్కడ నిలుపవలెనని సంఘ పెద్దలు ఆలోచించుచున్నారు. ఆ పాటిదిబ్బ అంచున నిలుపవలెనని సండేస్కూలు పక్షముగా మా మనవి. దానిమీద ఏమి వ్రాయవలెనో అవ్వను అడిగి వ్రాయించవలెనని రెండవ మనవి.